యజమాని కట్టే కాలేజీ ఫీజు: పన్ను ఎవరికి, ఎప్పుడు?

(కువైట్‌లోని తెలుగు కుటుంబాల కోసం చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఈ పూట పిల్లల కాలేజీ ఫీజుల గురించి మాట్లాడుకుందాం. ఏ కాలేజీ మంచిది, ఎంత ఫీజు అన్న సంగతి కాదు. మీరు పనిచేసే చోట యాజమాన్యం మీ అబ్బాయి ఫీజో అమ్మాయి ఫీజో కడితే, లేదా మాఫీ చేస్తే, ఆ డబ్బు మీద పన్ను పడుతుందా లేదా అన్నదే మన విషయం.

కువైట్‌లో కూర్చుని పన్ను గురించి ప్రసంగమేమిటని కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నిజమే, ఇక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. 2025 జనవరి నుంచి వచ్చిన 15 శాతం పన్ను కూడా పెద్ద బహుళజాతి కంపెనీల లాభాల మీదే తప్ప మన జీతాల మీద కాదు. అందుకే మనకి ఒక అలవాటు పడిపోయింది. యజమాని ఏమిచ్చినా అది పూర్తిగా మనదే అనుకుంటాం. ఇక్కడున్నంత కాలం ఆ లెక్క సరిపోతుంది. కానీ పిల్లల కాలేజీ చదువు నాలుగేళ్ళు సాగుతుంది. ఆ నాలుగేళ్ళలో మనం ఇక్కడే ఉంటామా, ఇంటికి వెళ్ళిపోతామా, పిల్లవాడు అమెరికా వెళతాడా అన్నది ఎవరం చెప్పలేం. మనిషి ఉండే దేశం మారితే అదే ఫీజు మాఫీకి పన్ను లెక్క మారిపోతుంది.

యజమాని కట్టే ఫీజు దానం కాదు, జీతానికి ఇంకో పేరు. ఏ దేశపు పన్ను చట్టమైనా ముందు దాన్ని అలాగే చూస్తుంది. ఆ తర్వాతే, దయతలిస్తే, కొంత వదిలేస్తుంది.

ముందు మన ఊసే చూద్దాం. ఇక్కడ ఈ సదుపాయం మూడు రకాలుగా వస్తుంది. కొన్ని కాంట్రాక్టుల్లో పిల్లల చదువు భత్యమని నెలకో ఏడాదికో రొక్కం ఇస్తారు. కొన్నిచోట్ల రసీదు చూపిస్తే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు. యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ళకి మూడో రకం ఉండొచ్చు. తమ దగ్గరే చదివే ఉద్యోగుల పిల్లలకి ఫీజులో కొంతో పూర్తిగానో తగ్గిస్తారు. కువైట్ యూనివర్సిటీ 1966లో మొదలైంది. ప్రైవేటు యూనివర్సిటీలకి 2000లో చట్టం వచ్చాక 2002లో గల్ఫ్ యూనివర్సిటీ, 2004లో అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ కువైట్ వగైరా తెరిచారు. వీటిలో పాఠాలు చెప్పేవాళ్ళే కాదు, లెక్కలు చూసేవాళ్ళు, కంప్యూటర్లు చూసేవాళ్ళు, ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకి మాత్రం ఈ ప్రశ్న చాలా దగ్గరది.

మరి మనవాళ్ళలో ఎక్కువమంది సంగతి? కడప, రాజంపేట, రైల్వే కోడూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్ళల్లో డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా చేస్తున్నవాళ్ళకి ఏ కాంట్రాక్టులోనూ చదువు భత్యమన్న మాట ఉండదు. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి కావలసిన జీతం హద్దు కూడా 2019లో 500 దినార్లకి, 2024లో 800 దినార్లకి పెరిగింది. కాబట్టి పిల్లలు ఊళ్ళోనే, చదువూ ఊళ్ళోనే. అయినా వాళ్ళకీ ఈ ప్రసంగంలో పని ఉంది. కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడొక లెక్క వేద్దాం. ఒకాయనకి రెండు ఉద్యోగాలు దొరికాయనుకోండి. ఒక కంపెనీలో నెలకి 700 దినార్లు, ఇంకేమీ లేదు. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో 600 దినార్లు, ఒక పిల్లకి ఫీజు మాఫీ. మాఫీ అయ్యే ఫీజు ఏడాదికి 4,000 దినార్లు అనుకుందాం. జీతంలో తేడా ఏడాదికి 1,200. మాఫీ 4,000. పన్ను లేదు కనుక యూనివర్సిటీ ఉద్యోగమే మేలని ఎవరైనా చెప్పేస్తారు.

కానీ కాంట్రాక్టు తీసి చదవండి. మాఫీకి ముందు ఎన్నేళ్ళ సర్వీసు ఉండాలి? పిల్లకి ఆ కాలేజీలో సీటు రావాలి కదా, మార్కుల షరతు ఏమిటి? మధ్యలో ఉద్యోగం పోతే ఆ సెమిస్టరు పూర్తయ్యే దాకా ఇస్తారా, ఆ రోజే ఆపేస్తారా? చాలా భత్యాలు పన్నెండో తరగతితో ఆగిపోతాయి. స్కూలు ఫీజు కడుతున్నారు కదా, కాలేజీ ఫీజూ కడతారులే అనుకుంటే, తీరా అసలు ఖర్చు మొదలయ్యే ఏడాదికి భత్యం ఆగిపోతుంది.

ఇంకొక సంగతి మనవాళ్ళు అసలు పట్టించుకోరు. అది ఇండెమ్నిటీ. 2010 నాటి ప్రైవేటు రంగ కార్మిక చట్టం ప్రకారం నెల జీతగాడికి మొదటి అయిదేళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం, మొత్తం మీద ఏడాదిన్నర జీతానికి మించకుండా ఇవ్వాలి. ఎనిమిదేళ్ళు చేసిన మనిషికి నెలకి 26 రోజుల లెక్కన మొదటి అయిదేళ్ళకి 2.88 నెలలు, తర్వాతి మూడేళ్ళకి 3 నెలలు, కలిపి 5.88 నెలల జీతం వస్తుంది. నెలకి 100 దినార్లు తక్కువ జీతానికి ఒప్పుకుంటే ఇక్కడ 588 దినార్లు తగ్గాయన్నమాట. తానే రాజీనామా చేస్తే పదేళ్ళు నిండేదాకా పూర్తి మొత్తం కూడా రాదు. అయిదు నుంచి పదేళ్ళ మధ్య అయితే మూడింట రెండు వంతులే.

అదే చట్టంలో 55వ అధికరణం ఇంకో మాట చెబుతుంది. క్రమం తప్పకుండా ఇచ్చే భత్యాలు, నగదు సదుపాయాలు కూడా జీతం కిందే లెక్క. అంటే ప్రతి నెలా రొక్కంగా వచ్చే చదువు భత్యాన్ని ఇండెమ్నిటీ లెక్కలో కలపమని అడగడానికి మీకు ఆధారం ఉంది. ఫీజు మాఫీ అయితే చేతికి డబ్బే రాలేదు కనుక ఆ వాదన బలహీనమవుతుంది. పన్ను లేని దేశంలో కూడా, రొక్కమా మాఫీయా అన్న తేడా ఇలా ఇంకో దారిలో మన జేబుని తాకుతుంది. నన్నడిగితే, కాలేజీ ఖాయమని తెలిసినవాళ్ళకి మాఫీ, తెలియనివాళ్ళకి రొక్కం మంచిది.

సరే, ఇండియా సంగతికి వద్దాం.

మీరు ప్రవాసులుగా ఉన్నంతకాలం, ఇక్కడ చేసిన పనికి ఇక్కడ అందుకున్న జీతం మీద ఇండియాలో పన్ను లేదు. ఫీజు సదుపాయం కూడా జీతంలో భాగమే కనుక దానికీ లేదు. 2020 బడ్జెట్‌లో ఒక కొత్త నిబంధన వచ్చినప్పుడు గల్ఫ్ అంతా గగ్గోలు పుట్టింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుణ్ణి ఇండియా నివాసిగానే లెక్కిస్తారని అందులో ఉంది. మరునాడే, అంటే 2020 ఫిబ్రవరి 2న, గల్ఫ్‌లో నిజాయితీగా ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళ విదేశీ జీతాన్ని ముట్టుకోమని ప్రత్యక్ష పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది. చట్టంగా మారేసరికి అది ఇండియాలోంచి వచ్చే ఆదాయం 15 లక్షలు దాటినవాళ్ళకే మిగిలింది. వాళ్ళకి కూడా ఇక్కడి జీతం మీద పన్ను లేదు. కాబట్టి ఊళ్ళో ఎవరో ఏదో అన్నారని కంగారు పడకండి.

అయితే ఇందాక 'ఇక్కడ అందుకున్న' అన్నాను. ఆ మాట ఊరికే అనలేదు. ఇండియా చట్టంలో, పని ఎక్కడ చేసినా ఇండియాలో తొలిసారి చేతికందిన ఆదాయం మీద ప్రవాసికైనా పన్ను వేయవచ్చన్న సూత్రం ఉంది. ఓడల్లో పనిచేసే ప్రవాసుల జీతం ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో పడినంత మాత్రాన పన్ను వేయవద్దని 2017లో ప్రత్యేకంగా సర్క్యులర్ ఇవ్వవలసి వచ్చిందంటే ఆ సూత్రం ఎంత గట్టిదో ఆలోచించండి. కువైట్ యజమాని మీ జీతాన్ని గాని, ఫీజు భత్యాన్ని గాని నేరుగా ఇండియా ఖాతాలో వేస్తానంటే వద్దనండి. ఇక్కడి బ్యాంకులో తీసుకోండి, ఆ తర్వాత మీరే పంపుకోండి. పోయేది ఎక్స్ఛేంజి వాడి కమిషను మాత్రమే.

ఇందాక డ్రైవర్ల గురించి తర్వాత చెబుతానన్నాను కదా. ఈ మధ్య రాజంపేట వైపు తమ్ముడు ఒకతను అడిగాడు. "అన్నా, మా సేటు మంచోడు. పాపకి ఇంజినీరింగు ఫీజు నేనే కడతా, బ్యాంకు నంబరు ఇయ్యి అంటాండాడు. పాప అకౌంటు ఇయ్యాల్నా, నాది ఇయ్యాల్నా?"

చాలా మంచి ప్రశ్న. ఇండియా చట్టంలో, బంధువు కానివాళ్ళ దగ్గర నుంచి ఏడాదిలో 50,000 రూపాయలకి మించి ఊరకే వస్తే ఆ మొత్తమంతా అందుకున్నవాళ్ళ ఆదాయమే. సేటు పాపకి బంధువు కాదు. తండ్రి బంధువు. సేటు డబ్బు పాప ఖాతాలో పడితే అది పాప ఆదాయం. అదే డబ్బు తండ్రి కువైట్‌లో తీసుకుని తన పేరు మీద పంపితే, తండ్రి కూతురికి ఇచ్చినట్టు. ఎంతైనా పన్ను లేదు. పాపకి వేరే ఆదాయం లేకపోతే మొదటి దారిలో కూడా చాలావరకు పన్ను సున్నాయే వస్తుందనుకోండి. 2025-26 నుంచి కొత్త విధానంలో నాలుగు లక్షల దాకా పన్నే లేదు. కానీ నోటీసు వస్తే చదువుకునే పిల్ల ఆడిటరు చుట్టూ తిరగడం ఎందుకు? "నాదే ఇయ్యి తమ్ముడూ, ఇక్కడే తీసుకో" అని చెప్పాను. సేటు కట్టినట్టు ఒక చిన్న కాగితం కూడా రాయించుకోమన్నాను.

ఇక తిరిగి వెళ్ళిపోయేవాళ్ళ సంగతి. ఇదే అన్నిటికన్నా చిక్కయినది.

స్కూళ్ళు జూన్‌లో మొదలవుతాయని మేలోనో జూన్‌లోనో సామాను సర్దుకుంటాం. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఇండియా ఆర్థిక సంవత్సరం. జూన్‌లో దిగితే ఆ ఏడాది 182 రోజులు సులభంగా దాటేస్తాం, నివాసి అయిపోతాం. అయినా భయం లేదు. అంతకుముందు పదేళ్ళలో తొమ్మిదేళ్ళు ప్రవాసిగా ఉన్నా, లేక ఏడేళ్ళలో ఇండియాలో ఉన్న రోజులు 729 మించకపోయినా, మిమ్మల్ని సాధారణ నివాసి కాని నివాసిగా చూస్తారు. అప్పుడు ఏప్రిల్, మే నెలల కువైట్ జీతం మీద పన్ను ఉండదు, మళ్ళీ అదే షరతు, కువైట్‌లోనే చేతికి అందితే. అందుకే చివరి సెటిల్మెంటు, రావలసిన ఫీజు బాకీ, ఇండెమ్నిటీ అన్నీ ఇక్కడి ఖాతాలో పడ్డాకే ఖాతా మూయండి. వెళ్ళాక పంపుతాం అన్న మాట నమ్మి విమానం ఎక్కకండి. డబ్బు రావడం ఒక బాధ, వచ్చాక దాని మీద పన్ను ఇంకో బాధ.

అక్కడికి వెళ్ళి ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఉద్యోగంలో చేరారనుకోండి. వాళ్ళూ మీ అమ్మాయికి బీటెక్ ఫీజు మాఫీ అన్నారు. ఏడాదికి 3 లక్షలు. కువైట్ అలవాటులో 3 లక్షలు మిగిలాయని సంతోషిస్తాం. కానీ అక్కడది జీతంతో కలిపి లెక్కేసే సదుపాయం. 1961 చట్టం కింది నియమాల్లో, యాజమాన్యం తన సొంత విద్యాసంస్థలో ఉద్యోగి పిల్లలకి ఇచ్చే చదువు విలువ నెలకి ఒక్కో పిల్లకి 1,000 రూపాయలు మించకపోతేనే పన్ను లేదు. మించితే ఆ చుట్టుపక్కల అలాంటి కాలేజీలో ఎంత ఫీజో అంత మీ జీతంలో కలుపుతారు. మించినప్పుడు ఆ 1,000 అయినా తీసేస్తారా అన్న తగాదా కోర్టు దాకా వెళ్ళింది. తీసెయ్యరు, మొత్తమంతా పన్నుకి వస్తుందని పంజాబ్ హర్యానా హైకోర్టు 2011లో చెప్పింది. మీరు 30 శాతం శ్లాబులో ఉంటే 3 లక్షల మాఫీ మీద 90,000, సెస్సు కలిపి 93,600 రూపాయలు మీ జీతంలోంచి కోత పడుతుంది. చేతికి రూపాయి రాకుండానే నెలకి 7,800 తగ్గిపోతుంది. మాఫీ మంచిదే, కాదనను. కానీ ఇంటి అద్దె, సరుకుల లెక్క వేసుకునేటప్పుడు ఈ 7,800 సంగతి ముందే తెలిసి ఉండాలి.

రొక్కంగా ఇచ్చే భత్యానికి అదే చట్టం దశాబ్దాల పాటు ఇచ్చిన మినహాయింపు వింటే నవ్వొస్తుంది. పిల్లకి నెలకి 100 రూపాయలు, హాస్టలుకైతే 300, అదీ ఇద్దరు పిల్లలకే. కేంద్ర ప్రభుత్వోద్యోగికి చదువు భత్యం 2024 నుంచి నెలకి 2,812 రూపాయల 50 పైసలయింది, మినహాయింపు మాత్రం ఆ వందే. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. నేను చెప్పిన అంకెలు పాత చట్టానివి. మీరు వెళ్ళే ఏడాదికి కొత్త నియమాల్లో ఎంతుందో ఆడిటర్ని అడిగి చూసుకోండి. అంకె మారినా సూత్రం అదే.

ఇండియాలో అద్దె ఆదాయం ఉండి రిటర్ను వేసే ప్రవాసులకి ఒక చిన్న మాట. పాత పన్ను విధానం ఎంచుకుంటే, ఇద్దరు పిల్లల దాకా ఇండియాలోని కాలేజీకి కట్టిన ట్యూషన్ ఫీజుని లక్షన్నర పరిమితిలో చూపించుకోవచ్చు. కానీ అది మీరు కట్టిన ఫీజు అయ్యుండాలి. యజమాని కట్టినదాన్ని మళ్ళీ మీ ఖాతాలో రాసుకోవడం కుదరదు. డొనేషనూ కుదరదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకి ఎన్‌ఐటీల్లో దాసా పథకం కింద వేరే కోటా ఉంది. మామూలు ప్రవాసుల పిల్లలు ఏడాదికి 8,000 డాలర్ల ట్యూషన్ కట్టాలి. గల్ఫ్ కార్మికుల పిల్లలు ఇండియాలో ఉన్న పిల్లలతో సమానంగా కడతారు. 2016లో ఎన్‌ఐటీ ట్యూషన్ 70,000 నుంచి లక్షా పాతికవేలకి పెరిగింది. వరంగల్‌లో సీటు వచ్చిన పిల్లవాడికి ఈ రెండు ఫీజుల మధ్య తేడా, చాలా కంపెనీలు ఇచ్చే చదువు భత్యం కన్నా ఎక్కువ. దీనికి పన్ను గొడవే లేదు, ఎందుకంటే ఇది యజమాని ఇచ్చేది కాదు. 2021 నుంచి దీనికి జేఈఈ మెయిన్ మార్కులు కావాలి. మీరు గల్ఫ్‌లో ఉద్యోగంలో ఉన్నట్టు రుజువు కూడా కావాలి. పిల్లవాడు పన్నెండులో ఉండగా ఉద్యోగం మానేసి వెళ్ళిపోదామనుకునేవాళ్ళు ఒక్క క్షణం ఆగి ఈ లెక్క చూడండి.

ఇక అమెరికా. మనలో చాలామందికి అక్కడ అన్నదమ్ములో, బావలో, పిల్లలో ఉన్నారు. అక్కడ యూనివర్సిటీ ఉద్యోగుల పిల్లలకి ఫీజు తగ్గించడం పాత ఆచారం. 1984లో దాన్ని చట్టంలో రాశారు, 117వ సెక్షన్‌లో. ఉద్యోగికి, భార్యకి లేదా భర్తకి, ఆధారపడిన పిల్లలకి డిగ్రీ స్థాయి దాకా ఇచ్చే ఫీజు మాఫీ మీద పన్ను లేదు. పెద్ద జీతాల అధికారులకి మాత్రమే ఇస్తే వాళ్ళకి ఈ మినహాయింపు పోతుంది. ఈ విషయంలో అమెరికా మన ఇండియా కన్నా ఉదారం.

కానీ డిగ్రీ దాటి మాస్టర్సుకి వెళితే కథ మారుతుంది. అక్కడి యూనివర్సిటీలో పనిచేసే బావగారి అబ్బాయి అదే చోట ఎంబీఏ చేస్తే, మాఫీ అయిన ఫీజు బావగారి జీతంలో కలుస్తుంది. ఉద్యోగి తానే చదివితే వేరే సెక్షను కింద ఏడాదికి 5,250 డాలర్ల దాకా వదిలేస్తారు, పిల్లల చదువుకి అది వర్తించదు. మరి ఇక్కడి నుంచి ఎంఎస్‌కి వెళ్ళి పాఠాలు చెబుతూనో, పరిశోధనలో సాయపడుతూనో ఫీజు మాఫీ పొందే మన పిల్లలు? వాళ్ళకి చట్టం ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. మాఫీ మీద పన్ను లేదు, చేతికొచ్చే స్టైపెండు మీద ఉంది. 2017 నవంబరులో అమెరికా ప్రతినిధుల సభ ఆ మినహాయింపుని తీసేస్తూ బిల్లు ఆమోదించింది. చేతికి రాని ఫీజు మీద పన్ను ఎక్కడి నుంచి కట్టాలని విద్యార్థులు రోడ్ల మీదకి వచ్చారు. డిసెంబరులో సంతకం అయిన చట్టంలో ఆ మాట లేదు, మినహాయింపు నిలిచింది.

కువైట్‌లో ఉంటూ గ్రీన్‌కార్డు గాని, అమెరికా పౌరసత్వం గాని ఉన్నవాళ్ళు మన మధ్య ఉన్నారు. మీ మీద అమెరికా పన్ను ఎక్కడున్నా వస్తుంది. కువైట్ యజమాని ఇచ్చే చదువు భత్యాన్ని కూడా జీతంతో కలిపి చూపించాలి. విదేశీ జీతానికి ఇచ్చే మినహాయింపు, 2025కి 1,30,000 డాలర్లు, అందులో ఇమిడిపోతే మంచిదే. కానీ చూపించకుండా వదిలేయకూడదు.

చివరగా కాగితాల సంగతి. ఇక్కడ ఆదాయపు పన్ను లేదు కనుక ఇండియాలోలా ఫారం 16 రాదు. రేపు ఎవరైనా ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉండేది యజమాని ఇచ్చిన ఉత్తరం ఒక్కటే. అందులో మీ పేరు, సివిల్ ఐడీ నంబరు, పిల్లల పేరు, ఏ విద్యా సంవత్సరం, ఎంత మొత్తం, రొక్కమా, కాలేజీకి నేరుగా కట్టిందా, మాఫీయా అన్నవి ఉండాలి. అరబిక్‌లో ఇస్తే ఇంగ్లీషు ప్రతి కూడా అడగండి. ప్రతి ఏడాదీ ఫీజు కట్టిన నెలలోనే తీసుకోండి. నాలుగేళ్ళ తర్వాత అడిగితే అప్పటికి ఆ మేనేజరు ఉండడు, ఒక్కోసారి ఆ కంపెనీయే ఉండదు.

ప్రశ్నలుంటే రాసి పంపండి, వీలైనన్నిటికి వచ్చే ప్రసంగంలో జవాబు చెబుతాను. సెలవు, నమస్కారం.